ఎవరైనా ప్రవచనం చెబితే ముందు రాసుకోండి

నా దగ్గర రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంది. అట్ట మీద "ప్రవచనములు" అని రాసి ఉంటుంది. "దేవుడు నీకు చెప్పమన్నాడు" అంటూ మా కుటుంబానికి ఎవరు ఏ మాట చెప్పినా అందులో రాస్తాను. తేదీ, చోటు, చెప్పినవాళ్లు, వాళ్ల నోట్లోంచి వచ్చిన మాట ఉన్నదున్నట్టు. కుడి పక్కన ఒక గడి ఖాళీగా వదులుతాను. ఏమైందో తెలిశాక ఆ గడి నింపుతాను.

మాది తెనాలి దగ్గర ఒక పెంతెకొస్తు సంఘం. నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. స్త్రీల కూడికలో ప్రార్థన మనవుల పుస్తకం కూడా నా చేతిలోనే ఉంటుంది. కాబట్టి సభలో కూర్చుని విన్నవే కాదు, బల్ల వెనక జరిగేవి కూడా కొన్ని చూశాను.

ఈ నోట్‌బుక్‌లో మొదటి పేజీ తేదీ 2014 జనవరి 1. ముందురోజు రాత్రి ఆరాధనకి బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మా చెల్లికి అప్పటికి పెళ్లై తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. పన్నెండు కొట్టాక ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి మైకులో, "వచ్చే సంవత్సరం ఈ వేళకు నీ కౌగిట కుమారుడుంటాడు, ఇది ప్రభువు మాట" అన్నాడు. బైబిల్లో ఎలీషా ప్రవక్త పిల్లల్లేని షూనేమీయురాలితో అన్న మాట అది. అందరం ఏడ్చాం. తెల్లారి ఇంటికొచ్చి ఆ మాట రాసుకున్నాను. అనుమానంతో కాదు, సంతోషంతో. బిడ్డ పుట్టాక, వాడు పెద్దయ్యాక, చదివి వినిపించాలని.

ఆ నెలలోనే చెల్లి గుంటూరులో చూపించుకుంటున్న ఆసుపత్రికి వెళ్లడం మానేసింది. దేవుడు చెప్పాక కూడా సూదులు పొడిపించుకుంటే అది అవిశ్వాసం కాదా అనింది. కాదని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఆగస్టులో టేకు ఉయ్యాల కొన్నది. డిసెంబరు 31 రాత్రి అదే ప్రసంగీకుడు మళ్లీ వచ్చాడు. చెల్లి రెండో వరుసలో కూర్చుంది. ఆయన దాన్ని గుర్తుపట్టలేదు. అదే మాట, ఒక్క అక్షరం తేడా లేకుండా, ఇంకో అమ్మాయికి చెప్పాడు. ఆరాధన అయ్యాక నేను దగ్గరికెళ్లి అడిగాను. "విశ్వాసం లేనిచోట దేవుడు మాత్రం ఏం చేస్తాడమ్మా" అన్నాడు. చెల్లి నా వెనకే నిలబడి ఉంది.

ఇప్పటికీ నేను ప్రవచన వరం ఉందని నమ్ముతాను. నమ్మకం పోగొట్టడానికి ఇది రాయడం లేదు. థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో "ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి" అన్న వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని ఉంది. మన సంఘాల్లో మొదటి మాట మీద వంద ప్రసంగాలు విన్నాను. రెండోదాన్ని ఎలా పాటించాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నేను పడుతూ లేస్తూ నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

మొదటి పని రాయడం

విన్న రోజే రాయండి. వారం ఆగితే మాట మారిపోతుంది, మీకు తెలియకుండానే. మా చెల్లి విషయంలో ఏడాది తర్వాత సంఘంలో ఒక అక్క "ఆయన కుమారుడు అన్నది ఆత్మీయ బిడ్డల గురించి" అని చెప్పింది. ఆ అక్క మంచిదే, ఓదార్చాలనే అనింది. కానీ నా నోట్‌బుక్‌లో "నీ కౌగిట" అని ఉంది, "ఈ వేళకు" అని ఉంది. రాసి ఉండకపోతే నేను కూడా ఆత్మీయ బిడ్డలే అనుకుని సర్దుకునేదాన్ని.

ఫోన్లో రికార్డు చేసుకున్నా మంచిదే, కానీ యూట్యూబ్ లైవ్‌లో ఉంటుందిలే అని వదిలేయకండి. జరగని ప్రవచనం ఉన్న వీడియో తర్వాత వెతికితే కనపడకపోవచ్చు. రాసేటప్పుడు ఆ మాటకి ముందు ఏం జరిగిందో కూడా రాయండి. అంతకుముందు మీరు ఆయనకి గానీ, ఆయనతో వచ్చినవాళ్లకి గానీ మీ సమస్య చెప్పారా? కానుక సంగతి వచ్చిందా? తర్వాత ఏమైనా చేయమన్నారా? ఇవి అప్పటికి చిన్న విషయాల్లా ఉంటాయి. ఏడాది తర్వాత చదివితే అసలు సంగతి అక్కడే ఉంటుంది.

గ్రాంథికం తీసేసి చూడండి

ఇది టీచర్ని కాబట్టి నాకు తట్టింది. మన బైబిల్ తెలుగు పాతది. "చెప్పుచున్నాను", "విశాలపరచెదను", "ఎడబాయను" అనే మాటలు చిన్నప్పటి నుంచి దేవుడి నోటి మాటలుగానే మన చెవిన పడ్డాయి. అందుకే ఎవరైనా కళ్లు మూసుకుని, గొంతు పెంచి, "నా కుమారీ, నీ సరిహద్దులను విశాలపరచుచున్నాను, నీ శత్రువుల యెదుట నీకు భోజనము సిద్ధపరచుచున్నాను" అనగానే ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపు ఆ భాష వల్ల కూడా వస్తుంది.

ఇంటికొచ్చాక ఆ మాటను మామూలు తెలుగులో రాయండి. వంటింట్లో పక్కింటావిడతో మాట్లాడినట్టు. "నీకు స్థలం పెరుగుతుంది, నిన్ను చూసి ఓర్వలేనివాళ్ల ముందే నువ్వు బాగుపడతావు." ఇప్పుడు చూడండి, ఏం మిగిలింది? భోజనం మాట ఇరవై మూడో కీర్తనలోది. అది విశ్వాసులందరూ పట్టుకునే మాట, మీకొక్కరికే వచ్చిన వర్తమానం కాదు. వాక్యం వాక్యంగా ఆదరిస్తే ఆదరణ పొందండి. కానీ "దేవుడు నాకు ప్రత్యేకంగా చెప్పాడు" అని దాని మీద అప్పు తీసుకుని ఇల్లు మొదలుపెట్టకండి.

ఇంకొన్ని మాటలు ఎవరికి చెప్పినా సరిపోతాయి. "మీ దగ్గరివాళ్లే మీ ఎదుగుదల చూసి అసూయపడుతున్నారు." "మీ ఇంట్లో ఒకరు వీసా కోసం ఎదురుచూస్తున్నారు." మా ప్రాంతంలో పిల్లాడు అమెరికాకో గల్ఫ్‌కో పోవాలని చూడని ఇల్లు ఎన్ని ఉంటాయి? మూడు వేలమంది కూర్చున్న మైదానంలో "నడుము నొప్పితో బాధపడుతున్న ఒక సహోదరి" అంటే కనీసం రెండు వందలమంది లేవాలి.

మా అమ్మమ్మ క్రైస్తవురాలు కాకముందు వీధిలోకి సోదెమ్మ వస్తే చాటలో బియ్యం పోసి సోదె చెప్పించుకునేదట. సంఘంలోకి వచ్చాక అది మానేసింది. కానీ మనకి తెలియని మన సంగతి ఎవరో పైనుంచి చెప్పాలి అనే ఆకలి మానిందా అని నాకు అనుమానం. నాలో కూడా ఆ ఆకలి ఉంది. మీకా మూడో అధ్యాయంలో ప్రవక్తలు డబ్బు కోసం "సోదె చెప్పుదురు" అనే మాట ఉంది. మన తెలుగు బైబిల్ అనువదించినవాళ్లు అక్కడ ఆ మాటే వాడినందుకు వాళ్లకి వందనాలు చెప్పాలనిపిస్తుంది.

అతనికి ఎలా తెలిసింది?

2017 వేసవిలో మా పక్క ఊరి మైదానంలో మూడు రోజుల ఉజ్జీవ సభలు జరిగాయి. గేటు పక్కన ప్రార్థన మనవుల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. రాయడం రానివాళ్లు చెబుతుంటే నేను రాయాలి. పేరు, ఊరు, సమస్య, ఫోన్ నంబరు. కార్బన్ పెట్టిన పుస్తకం. పై చీటీ చించి డబ్బాలో వేస్తే కింద నకలు నా దగ్గర మిగులుతుంది.

రెండో రోజు సాయంత్రం ఒక లంక గ్రామం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. తెల్ల చీర, చేతికర్ర. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని మోకాలు తట్టి చూపించి "ఇది, నాలుగేళ్ల నుంచి" అనింది. నేను "ఎడమ మోకాలు" అని రాశాను. ఆరున్నరకి ప్రసంగీకుడి బృందంలోని కుర్రాడొకడు వచ్చి, "అయ్యగారు వీటి మీద ప్రార్థన చేస్తారు" అని డబ్బా తీసుకెళ్లాడు. అందులో తప్పేముంది అనుకున్నాను.

రాత్రి తొమ్మిదిన్నరకి స్టేజి మీద ఆయన కళ్లు మూసుకుని అటూ ఇటూ నడుస్తూ ఆగాడు. "లంక ప్రాంతం నుంచి వచ్చిన ఒక తల్లి. నాలుగు సంవత్సరాల వేదన. ఎడమ మోకాలు, ప్రభువు నీ ఎడమ మోకాలును ముట్టుచున్నాడు." జనం హల్లెలూయ అని లేచారు. ఆ పెద్దావిడని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టాడు. ఆవిడ స్టేజి మెట్లు దిగేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎడమ కాలు బాగానే వేస్తోంది, కుడి కాలు ఈడుస్తోంది. "ఏ కాలమ్మా నొప్పి?" అని అడిగాను. "ఇదేగా తల్లీ, చెప్పానుగా" అని కుడి మోకాలు చూపించింది.

ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. ఆవిడ కుడి నాకు ఎడమ వైపు కనపడింది. తప్పు నాది. నకలు తీసి చూశాను, "ఎడమ" అనే ఉంది, నా చేతిరాతతో. ఆ తప్పు సరిగ్గా అలాగే స్టేజి మీదికి ఎక్కింది. పరిశుద్ధాత్మ నా చేతిరాత చూసి చెప్పడు కదా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మా పాస్టర్ గారికి నకలు చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మరుసటి ఏడు నుంచి మా సంఘం పెట్టిన ఏ సభలోనూ మనవుల డబ్బా ప్రసంగీకుడి దగ్గరికి ముందు వెళ్లలేదు. తాళం వేసి, సభ అయ్యాక పెద్దలు తీస్తారు. చిన్న తాళం. మీ సంఘంలో కూడా పెట్టమని అడగండి.

అమెరికాలో ఇలాంటిదే 1986లో బయటపడింది. పీటర్ పాపాఫ్ అనే స్వస్థత సభల ప్రసంగీకుడు జనం పేర్లు, రోగాలు, చిరునామాలు కూడా చెప్పేవాడు. జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు తన మనుషులతో రేడియో స్కానర్ పెట్టించి చూస్తే, 39.17 మెగాహెర్ట్జ్ మీద పాపాఫ్ భార్య అతని చెవిలోని పరికరానికి ప్రార్థన కార్డులు చదివి వినిపిస్తోంది. అది టీవీలో దేశమంతా చూసింది. ఇప్పుడు స్కానర్లు, పరికరాలు కూడా అక్కర్లేదు. మీ ఫేస్‌బుక్‌లో మీ పెళ్లిరోజు, మీ అబ్బాయి చదివే కాలేజీ, మీ నాన్నగారు పోయిన తేదీ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ కోసం మీ ఫోన్ నంబరు మీరే ఇచ్చారు. కాబట్టి ఎవరైనా మీ రహస్యం చెబితే మొదట అడగాల్సింది ఒక్కటే. ఇది తెలియడానికి దేవుడు కాక వేరే దారి ఉందా? ఉంటే, అది మోసం అని వెంటనే తేల్చక్కర్లేదు. కానీ ఆ మాట బలం మీద నిర్ణయాలు తీసుకోకండి.

సరే, వేరే దారి లేదు, నిజంగానే తెలిసింది అనుకుందాం. అయినా సరిపోదు. ద్వితీయోపదేశకాండము పదమూడో అధ్యాయం చదవండి. చెప్పిన సూచన జరిగినా, ఆ ప్రవక్త మిమ్మల్ని దేవుడి నుంచి పక్కకి లాగుతుంటే వినొద్దని ఉంది. ఫిలిప్పీలో దయ్యం పట్టిన దాసి పౌలు గురించి చెప్పింది అక్షరాలా నిజమే. అయినా పౌలు ఆ ఆత్మని వెళ్లగొట్టాడు. ఆ అమ్మాయి సోదె మీద యజమానులు డబ్బు సంపాదిస్తున్నారని అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో ఉంది.

ఆ మాట మీ నుంచి ఏం అడుగుతోంది?

నా నోట్‌బుక్ తిరగేస్తే తప్పిపోయిన ప్రవచనాల్లో ఎక్కువ వాటి వెనకే ఒక కోరిక వచ్చింది. డబ్బు, తొందర, రహస్యం. ఈ మూడింట్లో ఏది కనపడినా ఆగండి.

డబ్బుకి ఇప్పుడు "విత్తనం" అని పేరు. ఇంత విత్తితే ఇంత కోస్తావని లెక్క. స్టేజి పక్కనే క్యూఆర్ కోడ్ ఫ్లెక్సీ. సిరియా సేనాపతి నయమాను తన కుష్ఠు పోయాక బహుమానం ఇస్తానంటే ఎలీషా ఒట్టేసి మరీ వద్దన్నాడు. వెనకే పరుగెత్తి తీసుకున్నది ఎలీషా పనివాడు గేహజీ, వాడికి మిగిలింది ఆ కుష్ఠే. డిడాకే అని తొలి సంఘాల కాలపు చిన్న పుస్తకం ఉంది. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దాని పాత ప్రతి దొరికింది. ఎవరైనా ఆత్మలో ఉండి "నాకు డబ్బివ్వు" అంటే వినొద్దని, అదే లేనివాళ్ల కోసం అడిగితే తప్పు పట్టొద్దని అందులో రాసుంది. అంత పాత రోజుల్లోనే వాళ్లకి ఈ బాధ ఉందన్నమాట. పేరున్న ప్రసంగీకుల ఫొటో పెట్టుకుని వాట్సాప్‌లో "మీ కోసం ఒక ప్రవచనం ఉంది" అని డబ్బు అడిగేవాళ్లు వేరే. వాళ్లకి పంపి మోసపోతే సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

తొందర అంటే "ఈ రాత్రే", "ఈ గడియ దాటితే ద్వారం మూసుకుపోతుంది" అనడం. దేవుడి మాట రేపు పొద్దున కూడా దేవుడి మాటే.

రహస్యం గురించి ముఖ్యంగా అమ్మాయిలకి, వాళ్ల తల్లులకి చెబుతున్నాను. "ఇది నీకు మాత్రమే, మీ ఇంట్లో చెప్పకు", "ప్రవచనం చెప్పాలి, ఒక్కదానివే రా" అని ఏ దైవజనుడు అన్నా వెళ్లకండి. తలుపు తీసి ఉండాలి, ఇంకో స్త్రీ పక్కన ఉండాలి. దీనికి ఆయనకి కోపం వస్తే, మీకు కావలసిన జవాబు దొరికినట్టే. "నువ్వు నన్ను పెళ్లి చేసుకోవాలని దేవుడు చూపించాడు" అనేవాళ్లకి ఒక్కటే మాట చెప్పండి. "నాకు కూడా చూపించనివ్వండి."

ఇక మందులు. బీపీ మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ, ఫిట్స్ మందు గానీ, మానసిక వైద్యుడు ఇచ్చిన మందు గానీ ప్రవచనం విని ఎవరూ మానకూడదు. దేవుడు బాగు చేస్తే రిపోర్టులో తెలుస్తుంది, డాక్టరే తగ్గిస్తాడు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ వాదించను. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో 400కు పైగా మృతదేహాలు తవ్వి తీశారు. ఉపవాసం ఉండి చస్తే యేసును కలుస్తారని ఒక పాస్టర్ చెప్పిన మాట నమ్మినవాళ్లు, వాళ్ల పసిపిల్లలు. అక్కడికి ఒక్కరోజులో ఎవరూ చేరి ఉండరు. మందు మానడం, బడి మాన్పించడం, చుట్టాల్ని మానడం, ఇలాంటి మెట్లు దిగే చేరతారు.

దీనికి ఎదురుగా అపొస్తలుల కార్యముల్లోని అగబు అనే ప్రవక్తని చూడండి. పౌలు నడికట్టుతో తన చేతులు కాళ్లు కట్టుకుని, యెరూషలేములో నీకు ఇలా జరుగుతుంది అన్నాడు. అంతే. వెళ్లు అనలేదు, వద్దు అనలేదు, నాకేమిస్తావు అనలేదు. అందరి ముందూ చెప్పాడు. ఏడ్చి బతిమాలింది అక్కడున్న విశ్వాసులు. నిర్ణయం పౌలే తీసుకున్నాడు.

అడగడం పాపం కాదు

"అభిషేకించినవారిని ముట్టకూడదు" అని భయపెడతారు. నన్నూ భయపెట్టారు. 105వ కీర్తన తీసి మొత్తం చదివాను. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు దిక్కులేకుండా దేశాలు తిరుగుతున్నప్పుడు వాళ్లకి హాని చేయొద్దని దేవుడు రాజులకి చెప్పిన మాట అది. బలవంతుడి చేతి నుంచి బలహీనుడిని కాపాడే మాట. స్టేజి మీద ఉన్నవాడిని కింద ఉన్న విధవరాలు ప్రశ్నించకూడదని కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పద్నాలుగో అధ్యాయంలో అయితే ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడాక "తక్కినవారు వివేచింపవలెను" అని సూటిగా ఉంది. తక్కినవారు అంటే మనమే.

ఎలా అడగాలంటే, గొడవగా కాదు. ఒంటరిగా కూడా కాదు. ఒక పెద్దని తోడు తీసుకుని వెళ్లి, నోట్‌బుక్ తెరిచి, "అయ్యగారూ, ఫలానా తేదీన మీరు ఈ మాట చెప్పారు, ఇలా రాసుకున్నాం, ఇది జరగలేదు, మేము ఎలా అర్థం చేసుకోవాలి?" అనండి. తర్వాత మాట్లాడకుండా వినండి. "నేను పొరబడ్డాను, క్షమించండి" అన్నవాళ్లు నా నోట్‌బుక్‌లో ఇద్దరున్నారు. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. మిగతావాళ్లు తప్పు మన విశ్వాసం మీదికి నెట్టారు. ద్వితీయోపదేశకాండము పద్దెనిమిదో అధ్యాయంలో, మాట జరగకపోతే ఆ ప్రవక్త అహంకారంతో చెప్పాడు, అతనికి భయపడొద్దు అని ఉంది. విన్నవాళ్ల విశ్వాసం తక్కువైందని అక్కడ లేదు.

2020 అమెరికా ఎన్నికల్లో ట్రంప్ తప్పక గెలుస్తాడని అక్కడి పేరున్న ప్రవక్తలు చాలామంది చెప్పారు. గెలవలేదు. కొందరు బహిరంగంగా క్షమాపణ అడిగారు. అలా అడిగిన జెరెమయా జాన్సన్ మీద సొంత విశ్వాసులే విరుచుకుపడ్డారు. 2021 ఏప్రిల్‌లో అక్కడి కరిస్మాటిక్ (ఆత్మ వరాలను నమ్మే) సంఘాల నాయకులు కొందరు కలిసి ఒక ప్రకటన రాశారు. అందరి ముందు చెప్పిన ప్రవచనం తప్పితే క్షమాపణ కూడా అందరి ముందే అడగాలని అందులో ఉంది. వరాన్ని నమ్మేవాళ్లే, వరాన్ని కాపాడుకోవడానికే అది రాసుకున్నారు.

వెంటనే తేలకపోతే

చాలాసార్లు అక్కడికక్కడ తెలియదు. యిర్మీయా ప్రవక్తకే తెలియలేదు. ఆయన గ్రంథంలో ఇరవై ఎనిమిదో అధ్యాయం నాకు కంఠతా వచ్చినంత పని. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనమందరి ముందు, రెండేళ్లలో జనం మీది బబులోను రాజు కాడి విరిగిపోతుందన్నాడు. ఎవరికి చేదు ఆ మాట? యిర్మీయా కూడా అలాగే జరగాలని అన్నాడు. నిజంగానే కోరుకుని ఉంటాడు, ఆయన జనమే కదా. ఆ రాజు పెత్తనానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని హనన్యా తీసి విరిచేశాడు. యిర్మీయా ఏమీ అనకుండా తన దారిన వెళ్లిపోయాడు. ఆ తర్వాతే దేవుడి మాట వచ్చింది. చెర రెండేళ్లు కాదు, డెబ్బై ఏళ్లు, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని తర్వాతి అధ్యాయంలో చెరలో ఉన్నవాళ్లకి ఉత్తరం రాశాడు.

ఏమీ అనకుండా వెళ్లిపోవడం మీరు కూడా చేయొచ్చు. మైకు ముందు "ఆమేన్ అంటున్నావా లేదా" అని ఒత్తిడి పెడితే "ప్రార్థన చేసుకుంటాను అయ్యగారూ" అని దండం పెట్టి వచ్చేయండి. ఇల్లు, ఉద్యోగం, పెళ్లి, వైద్యం, చదువు, ఈ విషయాల్లో ప్రవచనం విన్న నెల వరకు ఏ కొత్త అడుగూ వేయం అని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. నెల తర్వాత వేసినా దానికి వేరే కారణాలు కూడా ఉండాలి.

మంచి మాట ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మా సంఘంలో నిమ్మతోటలకి కూలికి పోయే ఒక ముసలమ్మ ఉంది. 2016లో ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను ఆపింది. మైకు లేదు, గొంతు మారలేదు. "అమ్మా, ప్రార్థనలో నీ తమ్ముడు గుర్తొచ్చాడు. మాట్లాడుకోవట్లేదా? నేను పొరబడితే ఏమనుకోకు" అనింది. పొలం గట్టు గొడవతో వాడితో మూడేళ్లుగా మాటల్లేవని సంఘంలో నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రే ఫోన్ చేశాను. క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ కోసం అని పౌలు రాసిన మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. నోట్‌బుక్‌లో ఆ గడి నిండింది. పొరబడొచ్చని చెప్పినవాళ్ల గడులే నా దగ్గర ఎక్కువ నిండాయి.

మీ ఇంట్లో ఎవరైనా తప్పుడు మాట పట్టుకుని ఉంటే, వచనాలతో ఓడించాలని చూడకండి. వాళ్లు పట్టుకున్నది ఆ ప్రసంగీకుడిని కాదు, బిడ్డనో, ఆరోగ్యాన్నో, ఉద్యోగాన్నో. మా చెల్లితో నేను మొదట్లో వాదించాను, అది నాతో మాట్లాడటమే మానేసింది. తర్వాత వాదన ఆపి, 2015 మార్చిలో "నాకు బీపీ చూపించుకోవాలి, తోడు రా" అని గుంటూరు తీసుకెళ్లాను. ఆసుపత్రి వరండాలో అది తనంతట తానే డాక్టరమ్మ దగ్గర చీటీ రాయించుకుంది. పద్నాలుగు నెలలు పోయాయని ఆవిడ తిట్టలేదు. అందుకు ఇప్పటికీ ఆవిడ కోసం ప్రార్థన చేస్తాను.

బిడ్డ పుట్టలేదు. ఉయ్యాల చాలాకాలం అటక మీద ఉంది. ఆ తర్వాత మా వీధిలో ఒక బాలింతకి చెల్లి తనే తుడిచి, తాళ్లు కొత్తవి కట్టి ఇచ్చి వచ్చింది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి నోట్‌బుక్ అడిగింది. మొదటి పేజీలో 2014 జనవరి 1 పక్క గడి అప్పటి వరకు నేను నింపలేదు. ఏమని రాయాలో తెలియక వదిలేశాను. నా చేతిలో పెన్ను తీసుకుని తనే రాసింది: "జరగలేదు. నా విశ్వాసం తక్కువై కాదు."